ల్యాటెక్సా, పాలీఐసోప్రీనా, పాలీయురేథేనా: బెజవాడలో ఏ కండోమ్ మేలు?

గవర్నర్‌పేటలో ఏ మెడికల్ షాపు కౌంటర్ చూసినా కండోమ్ ప్యాకెట్ల మధ్య పోటీ ఒక్క మాట మీదే: మాది పల్చన, మాది ఇంకా పల్చన. కొనేవాడేమో వెనకాల తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని చూసుకుని, చేతికందింది జేబులో వేసుకుంటాడు. పొర దేనితో చేశారో చదివే తీరిక ఆ టెన్షన్‌లో ఎక్కడిది? అసలు తేడా మాత్రం అక్కడే ఉంది.

మన షాపుల్లో ఎక్కువగా దొరికేది ల్యాటెక్స్, అంటే రబ్బరు చెట్టు పాలతో చేసింది. 1968లో వచ్చిన నిరోధ్ నుంచి ఇవాళ్టి పళ్ల వాసనల ప్యాకెట్ల దాకా అదే సరుకు. మందం సుమారు 0.06, 0.07 మిల్లీమీటర్లు. బలమంతా సాగడంలో ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు కండోమ్ కనీసం 18 లీటర్ల గాలి పట్టేదాకా పగలకూడదు. మనింటికొచ్చే మంచినీళ్ల టిన్నుకి కాస్త తక్కువ, అంతే! పైగా ఫ్యాక్టరీలో ప్రతి కండోమ్‌నీ చిల్లు ఉందేమోనని కరెంటుతో పరీక్షిస్తారు. దీనికి శత్రువు నూనె. కొబ్బరినూనె, వాజ్‌లీన్, బేబీ ఆయిల్ ఏది రాసినా నిమిషాల్లో పొర బలహీనపడుతుంది. ఇక రబ్బరు పాలలోని ప్రొటీన్లు పడక కొందరికి దురద, వాపు వస్తాయి.

అలాంటివాళ్లకి పాలీఐసోప్రీన్. రబ్బరులో ఉండే పదార్థాన్నే ఫ్యాక్టరీలో తయారుచేస్తారు కాబట్టి ఆ ప్రొటీన్లుండవు, పొర కూడా కాస్త మెత్తన. 2008 నుంచి మార్కెట్లో ఉంది. ఖరీదు ఎక్కువ, నూనె దీనికీ పడదు.

పాలీయురేథేన్ ప్లాస్టిక్ జాతి. జపాన్ కంపెనీలు 0.02, 0.01 మిల్లీమీటర్లంటూ అమ్మేది దీన్నే. ఒంటి వేడి బాగా తెలుస్తుంది, రబ్బరు వాసన ఉండదు, నూనెకీ తట్టుకుంటుంది. ఇన్ని ఉన్నా ల్యాటెక్స్ అంతగా సాగదు. సాగనిది ఒంటిని పట్టుకోదు. ల్యాటెక్స్‌తో పోల్చిన పరీక్షల్లో ఇదే ఎక్కువగా చిరిగింది, జారింది. పల్చన మోజులో పడేవాళ్లకి ఈ సంగతి ప్యాకెట్ మీద కనిపించదు.

మరి మూడింటి గుణాలూ ఒకదాంట్లో ఎందుకు రావు? ప్రయత్నాలు లేక కాదు. 2013లో గేట్స్ ఫౌండేషన్ కొత్త తరం కండోమ్ కోసం పోటీ పెట్టి, ఒక్కో ఆలోచనకి లక్ష డాలర్లిచ్చింది. మాంచెస్టర్ యూనివర్సిటీ, మన ప్రభుత్వరంగ కండోమ్ కంపెనీ హెచ్ఎల్ఎల్ గ్రాఫీన్ పట్టుకున్నాయి. గ్రాఫీన్ అంటే కార్బన్ పరమాణువులు ఒక్క వరసలో పరుచుకున్న పొర, మహా గట్టిది. కానీ దాన్ని రబ్బరు పాలలో ఉండలు కట్టకుండా సమంగా కలపాలి, అదే కష్టం. ఆస్ట్రేలియాలో ఇంకొందరు హైడ్రోజెల్ మీద, అంటే నీటిని పట్టి ఉంచే మెత్తటి పదార్థం మీద పడ్డారు.

పదార్థం దొరికినా పరీక్ష దగ్గర ఆగుతుంది. మంచి కండోమ్ చిరగడమే అరుదు. కొత్తది ఇంకా తక్కువ చిరుగుతుందని రుజువు చేయాలంటే వందల జంటలు వాడి, ప్రతిసారీ ఏమైందో నిజాయితీగా రాసివ్వాలి. హాయిని కొలిచే మీటరు లేదు. ఇంత ఖర్చు పెట్టి తెస్తే, పక్కనే ప్రభుత్వాసుపత్రిలో నిరోధ్ ఉచితం. ఏ కంపెనీ దూకుతుంది?

అలాగని హాయి విలాసం కాదు. ఏడాదిపాటు ప్రతిసారీ, సరిగ్గా వాడే వంద జంటల్లో గర్భం వచ్చేది ఇద్దరికే. అందరూ వాడే తీరులో అయితే 13 మందికి. ఈ తేడా రబ్బరుది కాదు. ఇవాళ వద్దులే అనుకోవడం, మధ్యలో తొడగడం, నూనె రాయడం వల్ల వచ్చేది. వాడబుద్ధయ్యే కండోమ్ అయితే ఆ 13 తగ్గుతుంది. మన రాష్ట్రంలో అయితే ఈ గొడవ అంతా భార్య ఆపరేషన్‌తో తీరిపోయిందనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో దాదాపు 70 శాతం వివాహిత మహిళలకి ఆపరేషనే పద్ధతి. అది గర్భాన్ని ఆపుతుంది. హెచ్ఐవీని, సుఖవ్యాధుల్ని ఆపదు.

ఆడవాళ్లు వాడే నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) కండోమ్‌కి నూనె భయం లేదు, నిర్ణయం వాళ్ల చేతుల్లో ఉంటుంది. దొరకడమే కష్టం.

నా ఓటు మామూలు ల్యాటెక్స్‌కే, ప్యాకెట్ మీద వెడల్పు చూసి కొంటే. 49, 52, 53 మిల్లీమీటర్లని ఉంటుంది. బిగుతైతే చిరుగుతుంది, వదులైతే జారుతుంది. తోడుగా నీటితో లేదా సిలికాన్‌తో చేసిన ల్యూబ్, అంటే రాపిడి తగ్గించే జెల్. అలర్జీ ఉంటే పాలీఐసోప్రీన్. నూనె తప్పదనుకునేవాళ్లకే పాలీయురేథేన్. ఏది కొన్నా మే నెలలో బండి డిక్కీలోనో, వెనక జేబు పర్సులోనో దాచొద్దు. మన ఎండకి రబ్బరు త్వరగా పాడవుతుంది. గడువు ఇంకా ఉన్నా, విప్పినప్పుడు పెళుసుగానో జిగటగానో అనిపిస్తే అది పారేసి ఇంకోటి తీయండి.