రెండు ఈవీలు, ఒకే మీటరు: లోడు పంచుకునే చార్జర్ల జత ఎలా ఉందంటే

ఇంట్లోకి రెండో ఎలక్ట్రిక్ కారు వచ్చాక అసలు టెన్షన్ బిల్లు గురించి కాదు, మెయిన్ స్విచ్ గురించి. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 7.4 కిలోవాట్ల చార్జర్ ఒక్కటే 32 ఆంప్స్ లాగుతుంది, రెండు పెడితే 64, మెయిన్ 60 ఆంప్స్‌దే అయితే గీజర్ వేయకముందే లెక్క దాటిపోయింది. పైగా గీజర్ కాసేపటికి ఆగుతుంది, కారు మాత్రం గంటల తరబడి అదే లోడు లాగుతూనే ఉంటుంది, వదులుగా ఉన్న జాయింట్లు వేడెక్కేది అప్పుడే.

లోడు పెంచమని అర్జీ పెట్టే బదులు ఈ చార్జర్ల జత తీసుకున్నాం. మీటరు దగ్గర ఫేజ్ వైరుకి కరెంటు కొలిచే చిన్న సీటీ క్లాంప్ తగిలిస్తారు, ఇల్లంతా ఎంత లాగుతోందో అది చూస్తుంటుంది, మిగిలిందే కార్లకి. గీజర్ వేయగానే యాప్‌లో కార్ల ఆంప్స్ దిగిపోవడం కనిపిస్తుంది. ఈ ఒక్క పనికి మాత్రం శభాష్ అనాల్సిందే, బిగించాక మెయిన్ ఒక్కసారి కూడా పడలేదు.

ఇక చిరాకులు. ఈవీ చార్జింగ్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61851 ప్రకారం కారుకి ఇవ్వగలిగిన కనీస కరెంటు 6 ఆంప్స్, అంటే దాదాపు 1.4 కిలోవాట్లు. అంతకంటే తక్కువ మిగిలితే తగ్గించడం ఉండదు, ఆపేయడమే. మళ్ళీ మొదలైనప్పుడు మా పెద్ద కారు లేస్తుంది, చిన్నది ఒక్కోసారి లేవదు, ప్లగ్ తీసి పెట్టాలి. చార్జర్ వాళ్ళని అడిగితే కారుదే తప్పన్నారు, అనక ఏం చేస్తారు!

పంపకం కూడా గుడ్డిగా సగం సగం. చిన్న కారులోని చార్జర్ 3.3 కిలోవాట్లకి మించి తీసుకోదు, అంటే 14, 15 ఆంప్స్. దానికి 20 కేటాయిస్తే మిగతాది ఊరికే పోతుంది గానీ పెద్ద కారుకి వెళ్ళదు. ప్రయారిటీ మార్చే ఆప్షన్ ఉంది, అదేమో బిగించేవాళ్ళకి మాత్రమే ఉండే ఇన్‌స్టాలర్ లాగిన్‌లో దాచారు. క్లాంప్ సిగ్నల్‌కి వైఫైని నమ్మకండి, వైరే వేయించుకోండి, సిగ్నల్ పోతే చార్జర్లు రెండూ 6 ఆంప్స్‌కి పడిపోతాయి, మెయిన్‌కి అది క్షేమమే కానీ తెల్లారేసరికి బ్యాటరీ నిండదు.

రోజుకి 50 కిలోమీటర్లు తిరిగే కారుకి మామూలుగా 7, 8 యూనిట్లు చాలు, 16 ఆంప్స్ మీద రెండు, రెండున్నర గంటల పని. మీ వాడకం అంతే అయితే చార్జర్లు రెండింటినీ 16కి కట్టేసి, రాత్రికి టైమర్ పెట్టుకోండి, ఇంత హంగామా అక్కర్లేదు. ఎక్కువ తిరిగేవాళ్ళు తీసుకోవచ్చు. మూడో కారు ఆలోచన ఉంటే మాత్రం వేరే మోడల్ చూసుకోండి, ఇది రెండు చార్జర్లనే కలుపుకుంటుంది.