స్టెల్వియో కనుమ: పైన గంట, కింద రెండు రాత్రులు

ఇటలీ ఉత్తర కొసన ఉన్న స్టెల్వియో కనుమకు అమ్మను తీసుకువెళ్లి, ఆశకు పోయి కనుమ మీదనే గది తీసుకున్నాను. 2,757 మీటర్ల ఎత్తు, ఎదురుగా ఓర్ట్లర్ మంచుకొండ, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ఎత్తుకు అమ్మకు రాత్రంతా తలనొప్పి. గదిలో హీటరు ఉందంటే ఉంది. తెల్లవారుతూనే కిటికీ కింద మోటారు సైకిళ్ల మోత. సాసేజీ బండ్లు, స్టిక్కర్ల దుకాణాలు, పార్కింగ్ తగాదాలు. ఫొటోల్లో చూసే ఆ మెలికల దారి కోసమైతే కనుమ పైనున్న టిబెట్ హట్ అనే హోటల్ దాకా ఎక్కి చూడండి. గంట చాలు.

మర్నాడే బస్సులో కిందున్న ట్రాఫోయ్ అనే ఊరికి దిగిపోయాం. ఈ వైపు మలుపులు 48, ఒక్కోదానికీ నంబరు ఉంటుంది. దిగేకొద్దీ అంకె పెరుగుతుంది. కళ్లు మూసుకున్న అమ్మ ‘‘ఎంత వచ్చిందిరా?’’ అని అడుగుతూనే ఉంది. 1820-25 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డొనెగాని అనే ఇంజినీరు వేయించిన దారి ఇది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఊళ్లు ఇటలీకి వచ్చినా ఇళ్లలో మాట జర్మనే. బస్సు మీద ‘స్టిల్ఫ్‌సర్‌యోఖ్’ అని ఉంటే కంగారుపడకండి, అదీ స్టెల్వియోనే.

ట్రాఫోయ్‌లో మేము దిగింది ఒక కుటుంబం నడిపే చిన్న బస. గది పాతది, దుప్పటి మాత్రం బరువుగా, వెచ్చగా ఉంది. మేము మాంసం తినం అంటే ఇంటావిడ పాలకూర క్నోడెల్ ఉండలు చేసి పెట్టింది. మామూలు వాటిలో పంది మాంసం వేస్తారు, అడిగి తినాలి. వాళ్లిచ్చిన గెస్ట్ పాస్‌తో ఈ ప్రాంతం, అంటే దక్షిణ టైరోల్, బస్సులకు టికెట్టు అక్కర్లేదు. అన్ని బసలూ ఇవ్వవు, బుక్ చేసేముందే కనుక్కోండి. ఊరవతల అడవిలో ‘మూడు పవిత్ర బుగ్గలు’ అనే యాత్రాస్థలం ఉంది. అమ్మ ఆ నీళ్లు తలమీద చల్లుకుని, సీసా నింపుకుంది.

కనుమకు అవతలి వైపు బోర్మియో. అక్కడ మాట ఇటాలియన్. వేడినీటి స్నానాలకు పేరున్న ఊరే కానీ, ఈత దుస్తులు వేసుకోవాలనేసరికి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పిజ్జొకెరి అని బక్‌వీట్ అనే గింజల పిండితో చేసే పట్టీల్లాంటి పాస్తా తిన్నాం. బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న, చీజు వేస్తారు. చీజులో దూడ రెన్నెట్ (పాలు విరగడానికి వేసే, దూడ కడుపులోంచి తీసిన పదార్థం) ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు గమనించండి. నాకు నచ్చింది. పచ్చిమిర్చి లేని లోటు అమ్మ రెండుసార్లు చెప్పింది.

ఈ దారి చలికాలంలో మూసి ఉంటుంది. మంచు పడితే వేసవిలోనూ మూసేస్తారు, బయల్దేరే ముందు బసవాళ్లను అడగండి.