కంప్రెషన్ గేజ్: ‘ఇంజన్ దించాలి’ అన్నప్పుడు ఎంత పనికొస్తుంది? నాలుగేళ్ల వాడకం తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని ఇంజన్ పని లేదు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, నాజిల్ టెస్టింగ్ అన్నీ నాలుగడుగుల దూరంలోనే. ఒక్కోసారి ఆ సౌకర్యమే కొంప ముంచుతుంది. బండి పికప్ తగ్గిందని తీసుకెళ్తే, బానెట్ ఎత్తి రెండుసార్లు రేస్ చేసి ‘రింగులు పోయాయండీ, బోరుకొచ్చింది, దించేద్దాం’ అనేస్తారు. పిస్టన్ రింగులు గానీ సిలిండర్ గోడ (బోరు) గానీ అరిగితే లోపలి గాలి సరిగ్గా నొక్కుకోదు. ఆ నొక్కుడు ప్రెషర్‌నే కంప్రెషన్ అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ‘ఏ సిలిండర్‌లో ఎంత కంప్రెషన్ వచ్చింది మేస్త్రీ?’ అంటే అంకె చెప్పలేనివాళ్ల చేత ఇంజన్ మీద రెంచి పెట్టించకూడదు.

ఆ అంకె కోసం కొన్న గేజ్ ఇది. 0 నుంచి 300 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) డయల్, రబ్బరు హోస్, 10, 12, 14 మి.మీ. అడాప్టర్లు, ప్రెషర్ వదిలేందుకు పక్కన ఒక బటన్. కొంటే మర బిగించే రకమే కొనాలి. చేత్తో నొక్కిపట్టే రబ్బరు కోన్ రకం చవకే గానీ, ఇప్పటి ఇంజన్లలో స్పార్క్ ప్లగ్ లోతైన గుంటలో ఉంటుంది కాబట్టి అక్కడికి అందదు. అందినా పక్కనుంచి గాలి పోయి, లేని రోగం చూపిస్తుంది.

వాడే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్‌ని వేడెక్కించాలి. ఆపిన వెంటనే ప్లగ్‌లు విప్పొద్దు. కాలిపోతున్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్ లాగితే మరలు కూడా ఊడొస్తాయి. చేయి పట్టేంత వేడికి దిగాక, గుంటల్లో దుమ్ము గాలి కొట్టి తీసేసి, ప్లగ్‌ల మీద ఉండే ఇగ్నిషన్ కాయిల్స్ విప్పి, నాలుగు ప్లగ్‌లూ తీయాలి. ఒక్కటే తీసి చూస్తే స్టార్టర్ బరువుగా తిరిగి రీడింగ్ తగ్గుతుంది. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీయడం మర్చిపోవద్దు. లేదంటే పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి అంకెను పాడుచేస్తుంది, ఆవిరి బయటికొచ్చి అంటుకునే ప్రమాదం వేరే. బ్యాటరీ నిండుగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బళ్లలో పెడల్ తొక్కినా లోపలి పలక తెరుచుకుందో లేదో ఎయిర్ హోస్ విప్పి కంటితో చూసుకోవాలి.

స్టార్టర్ తిప్పితే ముల్లు ఊపు ఊపుకీ పైకెక్కుతుంది. ఐదారు ఊపులు చాలు. మొదటి ఊపుకి ఎంత, చివరికి ఎంత, రెండూ రాసుకోవాలి. మొదటి ఊపు తక్కువగా వచ్చి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎక్కుతుంటే రింగుల మీద అనుమానం. మొదట్లోనే తక్కువై, చివరిదాకా లేవకపోతే వాల్వ్ వైపు.

బాగున్న పెట్రోల్ ఇంజన్‌కి మామూలుగా 150 నుంచి 200 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. మీ బండికి ఎంతన్నది సర్వీస్ మాన్యువల్ చూసి తేల్చుకోవాలి. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 175, 170, 172, 120 వచ్చిందనుకోండి, నాలుగో దాంట్లో ఏదో ఉంది. అప్పుడు ఆ ప్లగ్ రంధ్రంలోకి సిరంజితో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ వదిలి మళ్లీ చూడాలి. 120 కాస్తా 160 అయితే రింగులో బోరో అరిగినట్టే, మేస్త్రి చెప్పింది నిజం. 125 దగ్గరే నిలబడిపోతే తప్పు పైన ఉంది: వాల్వ్ సరిగ్గా మూసుకోకపోవడం గానీ, హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్‌కెట్ గానీ. పక్కపక్కనున్న రెండు సిలిండర్లే పడిపోతే వాటి మధ్య గ్యాస్‌కెట్ పోయిందని ఎక్కువగా నమ్మొచ్చు. అవి హెడ్ విప్పితే సరిపోయే పనులు. బ్లాక్ దించక్కర్లేదు.

నాలుగూ ఒకేలా 110 దగ్గర ఆగితే? నాలుగు సిలిండర్ల రింగులూ పోయాయని వెంటనే తేల్చేయకూడదు. టైమింగ్ చెయిన్ సాగిందా, బెల్ట్ పన్ను జారిందా అన్నది ముందు చూడాలి. వాల్వ్‌లు మూసుకునే వేళ తప్పితే మంచి రింగులున్నా గాలి నొక్కుకోదు.

ఇక్కడే ఈ గేజ్ అసలు లోపం చెప్పాలి. హోస్ చివర, ప్లగ్ రంధ్రంలోకి వెళ్లే కొసలో, టైరు వాల్వ్ పిన్నులాంటిది ఒకటి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మసి పట్టి కారడం మొదలవుతుంది, ముల్లు నిలబడదు. పంక్చర్ షాపులో దొరికే పిన్ను అందులో చక్కగా పడుతుంది, అదే కొంప ముంచేది. టైరు పిన్ను స్ప్రింగ్ గట్టిది. దాన్ని నెట్టడానికే కొంత ప్రెషర్ పోయి ప్రతి సిలిండరూ తక్కువ చూపిస్తుంది. గేజ్‌కి మెత్తటి స్ప్రింగ్ పిన్ను విడిగా అడిగి తెచ్చుకోవాలి. మెకానిక్ గేజ్ పెట్టి ‘నాలుగూ పోయాయి’ అంటే, అదే గేజ్‌ని పక్కనున్న బాగున్న బండికి పెట్టించి చూడటం తప్పు కాదు.

డీజిల్‌కి ఇది పనికిరాదు. అక్కడ 300 నుంచి 450 పీఎస్‌ఐ దాకా వస్తుంది. 1000 పీఎస్‌ఐ గేజ్, గ్లో ప్లగ్ అడాప్టర్ వేరే కావాలి. పాత గ్లో ప్లగ్ విప్పబోతే విరిగి హెడ్‌లోనే ఉండిపోవచ్చు. ఆ పని అలవాటున్నవాళ్లకే వదిలేయాలి.

దీనికి తోడు వాడుతున్నవి మరో రెండు. రేడియేటర్ మూతి మీద పెట్టే నీలం ద్రవం టెస్టర్ ఒకటి. కూలెంట్‌లోకి మంట గ్యాస్ వస్తుంటే పెట్రోల్ బండికి పసుపు రంగుకి తిరుగుతుంది. రేడియేటర్ నీళ్లు రెండు మూడు అంగుళాలు తగ్గించి పెట్టాలి, కూలెంట్ లోపలికి ఎక్కితే ద్రవం పాడైనట్టే. థర్మోస్టాట్ తెరుచుకోకముందు చూస్తే ఏమీ కనపడదు. ఆయిల్ మూత కింద తెల్ల నురగ చూపించి ‘గ్యాస్‌కెట్ పోయింది’ అన్నప్పుడు ఇది చాలా పనికొచ్చింది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బళ్లలో ఆ నురగ తడి వల్ల కూడా వస్తుంది. నీళ్లు తగ్గుతున్నాయంటే ముందు రేడియేటర్ మూత రబ్బరు, వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం, హోస్ క్లిప్పులు చూడాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఉప్పు పేరుకుని రేడియేటర్ పూడిపోతుంది. మే నెల ఎండలో బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో వేడెక్కే బళ్లలో ఇదొక కారణం.

రెండోది బ్లూటూత్ ఓబీడీ రీడర్, బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్ చదివేది. మిస్సింగ్ వస్తుంటే చూడాల్సింది ఇదే. పీ0302 (రెండో సిలిండర్‌లో మిస్సింగ్) అని వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి మార్చాలి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌దే, ఇంజన్‌ది కాదు. చూశాక పీకేయండి, రాత్రంతా ఉంచితే బ్యాటరీ లాగుతుంది.

గేజ్ చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఆయిల్ రింగ్ బిగుసుకుంటే బండి ఆయిల్ తాగుతుంది, కంప్రెషన్ మాత్రం చక్కగానే రావచ్చు. కింది బేరింగుల సంగతి దీనికి అసలే తెలియదు. ‘రాడ్ సౌండ్’ (పిస్టన్ రాడ్ బేరింగ్ చప్పుడు) అని మేస్త్రి అంటే ఒక్కో కాయిల్ కనెక్టర్ పీకుతూ వినాలి. ఒక సిలిండర్ ఆపగానే దెబ్బ మెత్తబడితే ఆ రాడ్ బేరింగ్ మీద అనుమానం నిజమే. తేడా లేకపోతే ఆల్టర్నేటర్‌ని తిప్పే బయటి బెల్ట్ (టైమింగ్ బెల్ట్ కాదు) తీసి అర నిమిషం నడిపి చూడాలి, పుల్లీ బేరింగ్ చప్పుడైతే అప్పుడే ఆగిపోతుంది. ఆయిల్ లైట్ వెలుగుతుంటే ప్రెషర్ స్విచ్ తీసి అక్కడ మెకానికల్ గేజ్ పెట్టించాలి.

ఇవన్నీ చూశాక కూడా హెడ్ దించక తప్పకపోతే, ఫేసింగ్‌కి (హెడ్ అడుగు చదును చేయించడానికి) పంపేముందు మీ కళ్లముందే వంపు చూసే సూటి పట్టీ, అంటే స్ట్రెయిట్ ఎడ్జ్, పెట్టించండి. చాలా హెడ్‌లకు 0.05 మి.మీ. దాటితేనే వంపు కింద లెక్క. బోరింగ్ మాట వస్తే లేత్ దగ్గర బోర్ గేజ్‌తో పైన, మధ్య, కింద మూడుచోట్లా కొలత తీయించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకున్నాకే 0.25 మి.మీ. ఓవర్‌సైజా 0.50 మి.మీ. ఓవర్‌సైజా (బోరు ఎంత పెద్దది చేయాలి) అన్నది తేల్చండి.