పాత ఆవిరి రోలర్ బాయిలర్: అతుకు వేయాలా, ఫైర్‌బాక్స్ మార్చాలా, కొత్తది కట్టించాలా?

రైలింజను బాయిలర్ చెడితే చట్రం మీంచి ఎత్తేసి ఇంకోటి దించుతారు. రోడ్డు రోలర్‌కి, ట్రాక్షన్ ఇంజన్‌కి (రోడ్డు మీద బరువులు లాగే ఆవిరి బండి) ఆ వీలు లేదు. వాటికి బాయిలరే చట్రం. ఇంగ్లండ్‌లోని రోచెస్టర్‌లో ఇంజన్లు కట్టిన థామస్ ఏవ్‌లింగ్ 1870లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఫైర్‌బాక్స్ (బాయిలర్ వెనక కొసన మంట మండే పెట్టె) బయటి పక్క ప్లేట్లనే పైకీ వెనక్కీ పొడిగించి, క్రాంక్‌షాఫ్ట్‌నూ గేర్ల ఇరుసులనూ వాటిలోనే కూర్చోబెట్టే పద్ధతి అది. ఆ పొడిగింపులనే హార్న్‌ప్లేట్లు అంటారు. సిలిండర్ బాయిలర్ వీపు మీద ఉంటుంది, ముందు చక్రం భారం కూడా బాయిలర్ ముందు కొసకే వస్తుంది. కాబట్టి బాయిలర్ మార్చడమంటే బండి మొత్తం ఊడదీయడమే.

పాత బండి చేతికొచ్చినవాళ్ల ముందు నాలుగు దారులుంటాయి. తిన్న చోట అతుకు వేయడం, లోపలి ఫైర్‌బాక్స్ ఒక్కటీ మార్చడం, బాయిలరే కొత్తది కట్టించడం, లేదా నిప్పు పెట్టకుండా ప్రదర్శనకు నిలబెట్టడం. చాలామంది జేబు చూసి తేల్చుకుంటారు. తేల్చాల్సింది ప్లేటు మందం.

ముందు కొలత

పై రేకు కవచం విప్పే ముందు ఒక జాగ్రత్త: లోపలున్న ఉష్ణరోధకం ఆస్బెస్టాస్ కావచ్చు. నమూనా పరీక్ష చేయించకుండా గీకొద్దు. ఆ తర్వాత వేడి పొగ పోయే ట్యూబులన్నీ తీసేసి, లోపలి సున్నపు పొర రాలగొట్టి, 100 మిల్లీమీటర్లకొక గడి గీసి, ప్రతి గడిలో అల్ట్రాసానిక్ మీటరుతో మందం రాసుకోవాలి. సాధారణంగా పలచబడేవి కొన్ని చోట్లే. ఫైర్‌బాక్స్ అడుగున, లోపలి పెట్టెనూ బయటి పెంకునూ కలిపే ఫౌండేషన్ రింగుకు కాస్త పైన బురద పేరుకుని తింటుంది. కడుగుడు రంధ్రాల మూతలు కారితే వాటి కింది ప్లేటు బయటినుంచి పోతుంది. బాయిలర్ ముందు కొసన పొగగొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్ అడుగున వదిలేసిన బూడిద తడిస్తే బొగ్గులోని గంధకం ఆమ్లమై ప్లేటును తినేస్తుంది. బ్యారెల్ (బాయిలర్ గుండ్రటి పొడవాటి భాగం) అడుగున గుంటలు పడతాయి. లోపలి, బయటి ప్లేట్లను కలిపి పట్టుకునే స్టే బోల్టులు ప్లేటు దగ్గర మెడలా సన్నబడతాయి.

ఇప్పుడు లెక్క. 760 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం, చదరపు అంగుళానికి 150 పౌండ్ల పని ఒత్తిడి ఉన్న బ్యారెల్ తీసుకుందాం. 150 పౌండ్లంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 1.03 న్యూటన్లు. ఒత్తిడిని వ్యాసంతో గుణించి మందానికి రెట్టింపుతో భాగిస్తే ప్లేటు మీద చదరపు మిల్లీమీటరుకు 39 న్యూటన్ల లాగుడు. ప్లేటు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు వరసల రివెట్లు కొట్టిన ల్యాప్ జాయింటు బలం ప్లేటు బలంలో 70 శాతమనుకుంటే అది 56 అవుతుంది. పాత ఉక్కు 400 దాకా ఓర్చుకుంటుందంటే భద్రత ఏడు రెట్లకు పైనే. అదే బ్యారెల్ జాయింటు దగ్గర కూడా 6 మిల్లీమీటర్లకు దిగితే భద్రత 4.3 రెట్లే. అక్కడ ఏ ఇన్‌స్పెక్టరూ 150కి సంతకం పెట్టడు, పెట్టకూడదు. ఒత్తిడి 100 పౌండ్లకు దించితే మళ్లీ 6.4 రెట్లు వస్తుంది. ప్రదర్శన మైదానంలో ఖాళీగా తిరిగే రోలర్‌కి 100 పౌండ్లు చాలు. సేఫ్టీ వాల్వును ఆ ఒత్తిడికే సెట్ చేసి సీలు వేయించాలి. ఈ దారి తక్కువ ఖర్చుది, కానీ బండి పరువు పోతుందని దీన్ని ఎంచుకునేవాళ్లు తక్కువ. నా లెక్కలో అది వట్టి పట్టింపు. అయితే ఒక షరతు: బ్యారెల్ అంతా సమంగా అరిగితేనే ఇది చెల్లుతుంది. బీట ఉంటే చెల్లదు.

బీట ఎక్కడ దాక్కుంటుందో తెలియాలి. ల్యాప్ జాయింటులో ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కి ఉంటుంది కాబట్టి బ్యారెల్ పూర్తి గుండ్రం కాదు. ఆవిరి పట్టినప్పుడల్లా గుండ్రం కావాలని చూస్తుంది, దిగినప్పుడల్లా వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఆ వంపు జాయింటు అంచు పక్కనే పడి, లోపలివైపు సన్నటి గాడి పుడుతుంది, అది బీటవుతుంది. కొన్నిసార్లు పై ప్లేటు కింద ఉండి కంటికే కనిపించదు. అయస్కాంత పొడి పరీక్ష, అల్ట్రాసానిక్ రెండూ చేయించాలి. రెండు అంచులూ ఎదురెదురుగా పెట్టి లోపలా బయటా పట్టీలు బిగించిన బట్ జాయింటు బ్యారెల్‌కి ఈ జబ్బు దాదాపు లేదు.

అతుకా, ఫైర్‌బాక్సా?

ఫైర్‌బాక్స్ పక్కల్లాంటి, స్టేలు పట్టి ఉంచిన బల్లపరుపు ప్లేటులో అతుకు వేయవచ్చు. మూలలు గుండ్రంగా కోయాలి, వెల్డింగ్ గీత స్టేల వరసల మధ్యనుంచి పోవాలి, వెల్డు ప్లేటు మందమంతా దిగాలి. బ్యారెల్‌లో మాత్రం వద్దు. అక్కడ ప్లేటును పట్టుకునే స్టే లేదు, లాగుడంతా అతుకు మీదే. చిన్నచిన్న గుంటలు విడివిడిగా ఉంటే వెల్డుతో నింపొచ్చు గానీ జానెడు మేర పలచబడితే కాదు.

అతుకుల్లో ఎక్కువగా జరిగే తప్పు కక్కుర్తి. తిన్నంతవరకే కోసి కొత్త 10 మి.మీ. ప్లేటును 6 మి.మీ. మిగిలిన పాత ప్లేటుకు వెల్డు చేస్తారు. బలం వెల్డులో ఉంటుంది, బలహీనత దాని పక్కకు జరుగుతుంది, బీట అక్కడ పుడుతుంది. మంచి మందం దొరికేదాకా కోయాలి. అలా కోస్తూ పోతే ఫైర్‌బాక్స్ పక్క సగం పోయిందా, ఇక అతుకు మాట మానేసి ఫైర్‌బాక్సే మార్చడం మేలు.

నేను మొగ్గేది ఇటే. లోపలి ఫైర్‌బాక్స్ మంటకూ బురదకూ మధ్య నలుగుతుంది కనుక మొదట పోయేది అదే. బయటి పెంకు చాలా ఏళ్లు నిలుస్తుంది. ట్యూబులు తీసి, స్టేలు డ్రిల్ చేసి, కొలిమి నోటి రింగు, ఫౌండేషన్ రింగు రివెట్లు తెంచితే పెట్టె కిందినుంచి దిగుతుంది. హార్న్‌ప్లేట్లు అవే కాబట్టి క్రాంక్‌షాఫ్ట్ నుంచి చివరి గేరు దాకా దూరాలు మారవు. సిలిండర్ కూర్చున్న వంపు అదే కాబట్టి అక్కడ కొత్తగా ఆవిరి కారదు. బండి అసలుతనం కూడా కంటికి కనిపించే మేరకు చెక్కుచెదరదు.

కొత్త బాయిలర్‌లో ఈ రెండూ మొదటినుంచి సాధించాలి. బ్యారెల్ బయటి వ్యాసం పాతదానికి సరిపోకపోతే సిలిండర్ పీఠం సరిగ్గా కూర్చోదు. బేరింగుల రంధ్రాలు ఒక మిల్లీమీటరు తప్పినా గేర్లు అరుస్తాయి, వాటి పళ్లు అరిగిపోతాయి. కాబట్టి ఊడదీయకముందే పాత బాయిలర్ మీద అన్ని ఇరుసు రంధ్రాల కేంద్రాల కొలతలూ తీసి జిగ్ (ఆ దూరాలు తప్పకుండా పట్టి ఉంచే అచ్చు చట్రం) చేసుకోవాలి. బ్యారెల్ అంతా పోయినా, ల్యాప్ జాయింటులో బీట దొరికినా ఇక వేరే దారి లేదు, కొత్తదే. వెల్డింగ్ బాయిలరైతే వెల్డులన్నీ ఎక్స్‌రే తీయించాలి. చూపు కోసం దాని మీద ఉత్తుత్తి రివెట్ తలలు అంటించే అలవాటు ఒకటుంది. అది నాకు నచ్చదు.

ఏ పని చేసినా ముందు చల్లటి నీటితో పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పరీక్ష. నీరు నొక్కుకోదు, కాబట్టి చీలినా కారుతుందే తప్ప పేలదు. తర్వాతి మొదటి ఆవిరి ఒక రోజంతా పట్టేలా చిన్న మంటతో.

నడపడమా, నిలబెట్టడమా?

2001 జులైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మెడినాలో ఒక కేస్ కంపెనీ ట్రాక్షన్ ఇంజన్ పేలి ఐదుగురు చనిపోయారు. పోయింది ఫైర్‌బాక్స్ పైకప్పు, క్రౌన్ షీట్. దాని మీద ఎప్పుడూ నీరుండాలి. బండి దిగువకు దిగుతున్నప్పుడు నీరంతా స్మోక్‌బాక్స్ వైపు పోయి, వెనకున్న ఈ కప్పు బయటపడుతుంది. సీసం నింపిన ఫ్యూజిబుల్ ప్లగ్ 327 డిగ్రీల దగ్గర కరిగి హెచ్చరించాలి, కానీ సున్నం పట్టిన ప్లగ్‌ను నమ్మలేం. ప్లగ్ ఏటా మార్చని చోట, నీటి మట్టం చూపే గాజుగొట్టం రెండు కాక్‌లూ (కుళాయిలూ) రోజూ తెరిచి ఊదని చోట బండిని నడపకపోవడమే మేలు.

మనకు దగ్గరి ఉదాహరణ టాటాల రోలర్లు. 1948లో జంషెడ్‌పూర్ టెల్కో, బ్రిటన్ మార్షల్ కంపెనీతో కలిసి ఆవిరి రోడ్డు రోలర్లు చేసింది. అలాంటి బండిని మళ్లీ రాజేయాలంటే రాష్ట్ర బాయిలర్ల శాఖ రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ కావాలి. డ్రాయింగులు, ఉక్కు పత్రాలు లేని పాత బాయిలర్‌కి ప్లేటు ముక్క కోసి లాగుడు పరీక్ష చేయించాల్సి రావచ్చు. ఇక్కడ మాత్రం పత్రాలతో సహా వచ్చే కొత్త బాయిలర్‌దే పైచేయి.

అంత స్తోమత లేకపోతే నిలబెట్టండి, కానీ సరిగ్గా. బాయిలర్‌లో నీరు చుక్క లేకుండా తీసి, అడుగు మూతలు తెరిచి గాలి ఆడనివ్వాలి. పొగగొట్టానికి మూత పెట్టాలి, లేకపోతే వానంతా స్మోక్‌బాక్స్‌లోకే. బూడిద ఊడ్చి, సిలిండర్‌లో చిక్కటి స్టీమ్ ఆయిల్ పోసి, అప్పుడప్పుడు ఫ్లైవీల్ కొంత తిప్పి వేరేచోట ఆపాలి. చక్రాల కింద మట్టి కాకుండా సిమెంటు దిమ్మెలు వేయించాలి. తుప్పు గీకకుండా ఏటా రంగు మీద రంగు కొట్టిస్తే లోపల ప్లేటు ఎంత మిగిలిందో పైకి తెలియదు, నంబరు ప్లేటు కూడా ఆ రంగు కిందే పూడిపోతుంది.