మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఒక్క రోజే ఉన్నప్పుడు: లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ సమీక్ష

ఫ్లోరిడాకు వెళ్లే తెలుగు కుటుంబాలలో చాలామందికి డిస్నీ వరల్డ్ కోసం మిగిలేది ఒక్క రోజే. పిల్లల బడి సెలవులు, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల తిరుగు ప్రయాణం, దారిలో చూడవలసిన ఇతర ఊళ్లు అన్నీ లెక్కవేసుకున్న తరువాత ఆ ఒక్క రోజును, అక్కడి నాలుగు థీమ్ పార్కులలో అన్నిటికంటే ముందు 1971 అక్టోబరు 1న తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కేటాయించుకుంటారు. ప్రవేశ టికెట్ మీద అదనంగా అమ్మే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అనే సేవ అటువంటివారికి పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇస్తుందా అన్నది ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఉదయం తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉండలేనివారు దీనిని కొనుక్కోవడమే మంచిది. ఉండగలిగినవారికి కూడా ఇది ఉపయోగపడుతుంది గాని, ఆ తొలి గంటన్నరను శ్రద్ధగా వాడుకున్న కుటుంబానికి దీని అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ముందుగా ఇది పనిచేసే తీరు చెప్పాలి. 2024 జూలై 24న జీనీ ప్లస్ అనే పాత సేవను తీసివేసి డిస్నీ ఈ మల్టీ పాస్‌ను ప్రవేశపెట్టింది. ఒక్కొక్కరికి, ఒక్కొక్క రోజుకు విడిగా కొనాలి. ధర పార్కును, తేదీని బట్టి మారుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ టికెట్ అవసరం లేనట్టే ఇది కూడా అవసరం లేదు. కొన్నవారు మూడు రైడ్లను ముందుగా ఎంచుకుని, ఒక్కొక్కదానికి గంట వ్యవధి ఉన్న సమయాన్ని బుక్ చేసుకోవచ్చు. ఆ గంటలో వెళితే సాధారణ వరుసతో సంబంధం లేకుండా వేరే దారిలో లోపలికి పంపుతారు. మొదటిది వాడుకున్న వెంటనే ఇంకొకటి బుక్ చేసుకోవచ్చు. ఆ తరువాత కూడా ఒకటి వాడుకున్నకొద్దీ మరొకటి దొరుకుతూ ఉంటుంది, అయితే ఒకే రైడ్‌ను ఈ పాస్‌తో ఒక రోజులో ఒక్కసారే ఎక్కగలం. డిస్నీ సొంత హోటళ్లలో దిగినవారు తమ బస మొదలయ్యే రోజుకు ఏడు రోజుల ముందు, మిగిలినవారు పార్కుకు వెళ్లే రోజుకు మూడు రోజుల ముందు, అమెరికా తూర్పు ప్రాంత కాలమానంలో ఉదయం 7 గంటలకు బుకింగ్ మొదలుపెట్టవచ్చు. ఇండియాలో ఉండి బుక్ చేసేవారికి అది సాయంత్రం 4:30 అవుతుంది. నవంబరు నుంచి మార్చి వరకు అక్కడ గడియారాలు వెనక్కి జరుపుతారు కనుక 5:30 అవుతుంది. ఆ నిమిషానికి ఫోన్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉండడం వల్ల నిజంగానే ప్రయోజనం ఉంది, ఎందుకంటే గిరాకీ ఎక్కువగా ఉన్న రైడ్లకు ఉదయపు సమయాలు ముందుగా అయిపోతాయి. కుటుంబంలో అందరి టికెట్లనూ అంతకుముందే డిస్నీ యాప్‌లో ఒకే ఖాతాకు కలిపి ఉంచుకోవాలి.

అసలు ఏ రైడ్‌కు ఈ పాస్ వాడాలి అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువమంది డబ్బు వృథా చేసుకుంటారు. ఒక రైడ్ ఎంత ప్రసిద్ధమైనదో అన్నదానికంటే, అది గంటకు ఎంతమందిని ఎక్కించుకోగలదో అన్నదే వరుస పొడవును నిర్ణయిస్తుంది. హాంటెడ్ మాన్షన్‌లో కుర్చీల బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా కదులుతూనే ఉంటాయి. జనం నడుస్తూ ఎక్కుతారు, నడుస్తూ దిగుతారు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ రైడ్లలో ఒక్కొక్క పడవలో అనేక వరుసల మనుషులు కూర్చుంటారు. వీటి ముందు వరుస పొడుగ్గా కనబడినా త్వరగా కదులుతుంది. పీటర్ పాన్స్ ఫ్లైట్ సంగతి అలా ఉండదు. పైకప్పు నుంచి వేలాడే చిన్న ఓడలో కొద్దిమంది మాత్రమే పడతారు, ప్రయాణం మూడు నిమిషాలు కూడా ఉండదు, పసిపిల్లల నుంచి తాతల వరకు ఎవరైనా ఎక్కవచ్చు కనుక జనం మాత్రం ఎప్పుడూ తగ్గరు. మూడు నిమిషాల రైడ్ కోసం గంట సేపు నిలబడవలసి వచ్చే ఇటువంటి చోటనే మల్టీ పాస్ తన విలువను చూపిస్తుంది. జంగిల్ క్రూజ్, స్పేస్ మౌంటెన్, 2024 జూన్ 28న మొదలైన టియానాస్ బయూ అడ్వెంచర్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇది డిస్నీకీ తెలుసు. అందుకే రైడ్లను రెండు వర్గాలుగా విడదీసి, ముందుగా ఎంచుకునే మూడింటిలో గిరాకీ వర్గం నుంచి ఒక్కదానికే అనుమతి ఇస్తారు. మిగిలిన రెండింటినీ సులువుగా దొరికే వర్గం నుంచి తీసుకోవలసిందే. ఈ విభజన నాకు నచ్చలేదు, ఎందుకంటే డబ్బు తీసుకుని అమ్మిన వస్తువులో మూడింట రెండు వంతులు పెద్దగా పనికిరానివాటితో నింపినట్టు అవుతుంది. అయినా దీనికి ఒక దారి ఉంది. ఈ వర్గాల నియమం మొదటి బుకింగ్ వాడుకునే వరకే వర్తిస్తుంది. కనుక సులువైన వర్గంలోని రెండింటినీ పార్కు తెరిచిన వెంటనే వచ్చే సమయాలకు పెట్టుకుని, త్వరగా వాడేసుకుని, ఆ తరువాత గిరాకీ రైడ్లకు సమయాలు వెతకడం తెలివైన పద్ధతి. సాయంత్రానికి మూడు బుకింగులు పెట్టుకున్నవారు మధ్యాహ్నమంతా కొత్తది బుక్ చేసుకునే అవకాశం లేకుండా గడుపుతారు. వారు అదే ధర చెల్లించి సగం సేవనే పొందుతున్నారు.

పార్కు లోపలి సమయాన్ని మించి పార్కు బయట పోయే సమయం గురించి ఆలోచించాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారు నిలిపే చోటు గేటు పక్కన లేదు. కారును సెవెన్ సీస్ లగూన్ అనే కృత్రిమ సరస్సుకు ఇవతలి ఒడ్డున, ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర నిలిపి, భద్రతా తనిఖీ దాటి, మోనోరైల్ లేదా ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు చేరితే గాని గేటు రాదు. అద్దె కార్లు, టాక్సీలు దింపేదీ ఇక్కడే. వృద్ధులు, తోపుడు బండిలో పిల్లలు ఉన్న కుటుంబం దీనికి ముప్పావు గంట అయినా కేటాయించుకోవాలి. డిస్నీ హోటళ్ల బస్సులు మాత్రం నేరుగా గేటు దగ్గరికి వస్తాయి, కంటెంపరరీ హోటల్ నుంచి నడిచే వెళ్లవచ్చు. ఒక్క రోజు కోసం వచ్చేవారు హోటల్ ఖర్చును బేరీజు వేసేటప్పుడు ఈ సౌకర్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైగా డిస్నీ హోటళ్లలో బస చేసినవారిని ప్రతిరోజూ అందరికంటే అరగంట ముందు లోపలికి రానిస్తారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ అరగంట ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ భాగాలకే పరిమితం. దాని ప్రభావం మిగిలినవారి మీద కూడా ఉంటుంది: హోటల్ సౌకర్యం లేనివారు తలుపులు తెరవగానే ఫాంటసీల్యాండ్‌కు పరుగెత్తితే అక్కడ అప్పటికే వరుస ఉంటుంది. వారు ఎడమవైపుకు తిరిగి అడ్వెంచర్‌ల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్ వైపు వెళ్లి, జంగిల్ క్రూజ్, టియానా రైడ్లను ముందు ముగించుకుంటే, ఎంతో విలువైన రెండు బుకింగులను ఖర్చు లేకుండా సంపాదించినట్టే.

ఇక ధర విషయంలో నా అసంతృప్తి దాచుకోను. 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో మొదలైనప్పుడు ఈ సౌకర్యం పూర్తిగా ఉచితం. యంత్రంలో టికెట్ పెడితే ఏ వేళకు తిరిగి రావాలో ముద్రించిన కాగితం వచ్చేది. తరువాత వచ్చిన ఫాస్ట్‌పాస్ ప్లస్‌లో కూడా మూడు రైడ్లను ముందుగా, ఉచితంగానే బుక్ చేసుకునేవారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పార్కులు మూతపడ్డాక అది మళ్లీ రాలేదు. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు తీసుకునే జీనీ ప్లస్ వచ్చింది. రైడ్ సామర్థ్యం ఎప్పుడూ ఒక్కటే కనుక, పాస్ దారిలో వచ్చినవారిని ముందు పంపితే ఆ మేరకు సాధారణ వరుస ఆగుతుంది. రెండు దారులు కలిసే చోట నిలబడి చూస్తే, ఉద్యోగి పాస్ ఉన్నవారిని ఒక గుంపుగా పంపి, తరువాత ఇటునుంచి కొద్దిమందిని వదలడం కనిపిస్తుంది. ఎండలో నిలబడిన కుటుంబం పక్కనుంచి దాటి వెళ్లడం సంతోషించదగిన విషయమని నాకు అనిపించదు. కాని ఒక్క రోజే చేతిలో ఉన్నవారు ఈ పద్ధతిని మార్చలేరు, దానిలో తమకు ఏది మేలో మాత్రమే చూసుకోగలరు.

మల్టీ పాస్‌లో చేరని రైడ్లు రెండు ఉన్నాయి: సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, 2023 ఏప్రిల్‌లో తెరిచిన ట్రాన్ లైట్‌సైకిల్ రన్. వీటికి సింగిల్ పాస్ విడిగా కొనాలి. పెద్ద రోలర్ కోస్టర్లు ఇష్టపడే పిల్లలు ఉంటే ట్రాన్‌కు కొనడం సమంజసమే. మైన్ ట్రెయిన్‌కు మాత్రం హోటల్ అరగంటలో గాని, రాత్రి చివరి వేళలో గాని వెళితే సరిపోతుంది. పార్కు మూసే సమయానికి ముందు వరుసలో చేరినవారిని మూసిన తరువాత కూడా ఎక్కిస్తారు. ఇవి కాక, 2024 అక్టోబరులో ప్రవేశపెట్టిన ప్రీమియర్ పాస్ ఉంది. సమయం బుక్ చేయవలసిన పని లేకుండా ఒక్కొక్క రైడ్‌కు ఒకసారి నేరుగా వెళ్లవచ్చు. ప్రారంభంలో ప్రకటించిన ధర పార్కును, తేదీని బట్టి మనిషికి 129 నుంచి 449 డాలర్లు. నలుగురు ఉన్న కుటుంబానికి దీనిని నేను సిఫారసు చేయలేను.

మధ్యాహ్నం గురించి ఒక హెచ్చరిక అవసరం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మధ్య ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులతో వాన రావడం సర్వసాధారణం. మెరుపులు దగ్గరలో ఉన్నప్పుడు ఆరుబయట నడిచే రైడ్లను ఆపేస్తారు. స్పేస్ మౌంటెన్, హాంటెడ్ మాన్షన్, పీటర్ పాన్ వంటి కప్పు కింది రైడ్లు నడుస్తూనే ఉంటాయి. కనుక వానాకాలంలో బయటి రైడ్లకు ఉదయపు సమయాలు, లోపలి రైడ్లకు మధ్యాహ్నపు సమయాలు పెట్టుకోవాలి. బుక్ చేసిన గంటలో రైడ్ ఆగిపోతే ఆ బుకింగ్ పోదు. దానిని తరువాత అదే రైడ్‌కు గాని, జాబితాలో ఉన్న వేరే రైడ్‌కు గాని వాడుకునేలా మార్చి ఇస్తారు. ఈ సేవలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే నియమం ఇది. వాన పడుతున్న సమయంలో ఇరవై నిమిషాల పాటు చల్లని గదిలో కూర్చోబెట్టే కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌కు పాస్ అవసరమే ఉండదు, పెద్దవారికి విశ్రాంతి కూడా దొరుకుతుంది.

కొనే ముందు పిల్లల ఎత్తు కొలవండి. ట్రాన్‌కు 48 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44, టియానాకు 40, మైన్ ట్రెయిన్‌కు 38 అంగుళాల ఎత్తు ఉండాలి. 38 అంగుళాలు లేని బిడ్డ కోసం మల్టీ పాస్ కొనవచ్చు గాని, ఉపయోగపడేది పీటర్ పాన్, జంగిల్ క్రూజ్, విన్నీ ది పూ వంటి కొన్నిటికే. తల్లిదండ్రులు పెద్ద రైడ్లు ఎక్కాలనుకుంటే రైడర్ స్విచ్ అనే ఉచిత సౌకర్యం ఉంది: ఒకరు బిడ్డతో బయట ఉండగా మిగిలినవారు ఎక్కి వస్తారు, తరువాత బయట ఉన్నవారు మళ్లీ వరుసలో నిలబడకుండా వెళతారు. ప్రవేశద్వారం దగ్గర ఉద్యోగిని అడిగితేనే దీనిని ఇస్తారు.

తేదీ ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది మరమ్మతుల జాబితా. బిగ్ థండర్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ 2025 జనవరిలో మూతపడి ఏడాదికి పైగా తెరుచుకోలేదు. రివర్స్ ఆఫ్ అమెరికా అనే కృత్రిమ నది, దాని మధ్యలోని టామ్ సాయర్ ఐలాండ్ 2025 జూలైలో శాశ్వతంగా మూతపడ్డాయి. పాత పర్యాటక వ్యాసాలు చదివి ప్రణాళిక వేసుకున్నవారికి ఇవి గేటు దాటాకే తెలుస్తాయి. రెండవది ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కొన్ని రాత్రులు జరిగే హాలోవీన్, క్రిస్మస్ పార్టీలు. వాటికి వేరే టికెట్ ఉంటుంది. ఆ రోజుల్లో సాధారణ టికెట్ ఉన్నవారు సాయంత్రం 6 గంటలకు బయటికి వెళ్లిపోవాలి, రాత్రి బాణసంచా వారికి దక్కదు. బాణసంచా అక్కర్లేదనుకునే కుటుంబానికి ఆ రోజులు మంచివే, ఎందుకంటే ఇదే కారణంతో చాలామంది ఆ తేదీలను తప్పించుకుంటారు, పగటి వరుసలు కొంత తగ్గుతాయి, అప్పుడు మల్టీ పాస్ లేకుండానే రోజు గడిచిపోవచ్చు. సాయంత్రం మాత్రమే ఖాళీ ఉన్నవారు పార్టీ టికెట్‌తో 4 గంటలకే లోపలికి వెళ్లవచ్చు, వారు పగటి టికెట్ కొననవసరం లేదు.