పింగ్ కొట్టాలా, పోర్ట్ పరీక్షించాలా?

విండోస్ పీసీ 192.168.10.25. లినక్స్ సర్వర్ 192.168.20.15. పీసీ నుంచి సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి, పోర్ట్ 22) కలవడం లేదు. ముందు ఏది: పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని అడగడం) కొట్టాలా, పోర్ట్ (ఒక సర్వీసు తలుపు నంబర్) పరీక్షించాలా?

శ్రమ: పింగ్‌కు ఒక్క ముక్క చాలు. పోర్ట్‌కైతే పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ విండో) ‘టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.20.15 -పోర్ట్ 22’.

తెలిసేది: పింగ్ వస్తే రానూపోనూ దారి ఉన్నట్టు, అంతే. పోర్ట్ పరీక్ష ‘ట్రూ’ అంటే దారి, ఫైర్‌వాల్, సర్వీసు మూడూ దాటినట్టు. ‘ఫాల్స్’ అంటే తప్పెక్కడో చెప్పదు. ఇది టీసీపీ పోర్ట్‌లకే; యూడీపీ అనే మరో రవాణా పద్ధతిని అసలు చూడదు.

మోసం: లినక్స్ నుంచి విండోస్‌కు పింగ్. విండోస్ ఫైర్‌వాల్ ప్రైవేట్ ప్రొఫైల్‌లో ఎకో రిక్వెస్ట్ (పింగ్ అడిగే ప్రశ్న) రూల్ ఆన్ చేసినా, అది మామూలుగా లోకల్ సబ్‌నెట్‌కే (తానున్న నెట్‌వర్క్ ముక్కకే) పరిమితం. పక్క మెషీన్‌కు పలుకుతుంది, అవతలి సబ్‌నెట్‌కు పలకదు. పాపం, అందరూ రౌటర్‌ను తిడతారు.

పింగ్ వచ్చి పోర్ట్ పోతే సర్వర్‌లో ‘ఎస్ఎస్ -ఎల్‌టీఎన్’ (ఏ అడ్రస్‌లో, ఏ పోర్ట్‌లో వింటోందో చూపే కమాండ్) చూడండి. 127.0.0.1:22 (తన మెషీన్‌కే) మాత్రమే ఉంటే సర్వీసు బయటివాళ్ల మాట వినడం లేదు. 0.0.0.0:22 (అన్ని అడ్రస్‌లకూ) ఉంటే ఫైర్‌వాల్ వెతకండి. పింగ్, పోర్ట్ రెండూ పోతే సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే టూల్) పెట్టండి: ప్యాకెట్ వచ్చి, జవాబు బయల్దేరినా పీసీకి చేరకపోతే సర్వర్ గేట్‌వే (సబ్‌నెట్ దాటించే రౌటర్), తిరుగు రూట్ సరిచూడాలి.

కొత్త సబ్‌నెట్, రూటింగ్ మార్పు అయితే ముందు పింగ్. నిన్నటిదాకా నడిచిన సర్వీసు ఆగితే నేరుగా పోర్ట్. లినక్స్ నుంచి విండోస్‌ను చూడాలంటే, రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉంటే, నెట్‌క్యాట్ అనే టూల్‌తో 3389 (దాని పోర్ట్) పరీక్షించండి.