ముందు వాక్యమా, ముందు ప్రార్థనా?

వాక్యం, అంటే బైబిలు, చదివాక ప్రార్థించడానికి మంచి ఉదాహరణ దానియేలు ప్రవక్త. యెరూషలేము 70 ఏళ్లు పాడుగా ఉంటుందని తనకు ముందటి ప్రవక్త యిర్మీయా రాసింది చదివి, దేవుడే చెప్పాడు కదా అని ఊరుకోలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని వేడుకున్నాడు (దానియేలు 9). సత్యం తెలిసింది కాబట్టే ప్రార్థన పుట్టింది. ఏం అడగాలో తెలియక టెన్షన్ పడేవారికి ఈ దారి సులువు.

ముందే ప్రార్థించడం 119వ కీర్తన పద్ధతి. ధర్మశాస్త్రంలోని ఆశ్చర్యమైన సంగతులు చూసేలా కళ్లు తెరవమని 18వ వచనంలో అడుగుతాడు కీర్తనకారుడు. సత్యస్వరూపియైన ఆత్మ సర్వసత్యంలోకి నడిపిస్తాడన్న యేసు మాట (యోహాను 16:13) దీనికి బలం. కాకపోతే వాక్యం దాకా వెళ్లకుండా, మనసుకు తోచిందల్లా దేవుని స్వరమే అనుకునే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. అందుకే నా ఓటు దానియేలుకే. బైబిలు తెరిచే ముందు ఆ 18వ వచనం చెప్పుకుంటే మాత్రం కాదనను.